నీలం చెయ్యి రాణి

పారిస్ ప్రజలకు కళాభిరుచి పుట్టుకతోనే వస్తుందన్నది లోకమంతా ఒప్పుకున్న సంగతి. దాన్ని ఇక్కడ మళ్ళీ రుజువు చెయ్యవలసిన పని లేదు. కాకపోతే ఆ అభిరుచి శుభ్రంగా భోంచేసి వచ్చి, థియేటరులో మెత్తటి కుర్చీలో కూర్చోగానే చిన్న కునుకు తీస్తుంది. ఎక్కడ మేలుకోవాలో దానికి తెలియదు. అందుచేత నగరంలోని ప్రతి థియేటరూ దాన్ని వేళకు తట్టి లేపడానికి ఒక చప్పట్ల ముఠానూ, ఆ ముఠా మీద ఒక మేస్త్రీనీ నియమించి ప్రజాసేవ చేస్తున్నది. లాంతరు థియేటరులో ఆ మేస్త్రీ పేరు ఫిర్మిన్ కొకార్.

ఇరవై ఆరేళ్ళుగా ఫిర్మిన్ పెద్ద దీపాల గుత్తికి సరిగ్గా కింద, నేల తరగతి నడుమ కూర్చుంటున్నాడు. ఆయన చుట్టూ నలభై మంది ఉంటారు. వాళ్ళలో నవ్వేవాళ్ళు వేరు, ఏడ్చేవాళ్ళు వేరు, "మళ్ళీ! మళ్ళీ!" అని అరిచేవాళ్ళు వేరు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి "అబ్బ! ఎంత బాగా అంది!" అనడానికి ప్రత్యేకంగా రిటైరైన పోస్టుమాన్ ఒకడున్నాడు. ఏడుపు శాఖకు అధిపతి మదాం గొబెల్. డబ్బున్నవాళ్ళు ఎడమ వైపు బాక్సుల్లో కూర్చున్న రోజు ఆవిడ ఎడమ కంటితోనూ, కుడి వైపు కూర్చున్న రోజు కుడి కంటితోనూ ఏడవగలదు. రెండు కళ్ళూ కలిపి ఏడవడం మంత్రులు వచ్చినప్పుడు మాత్రమే.

ఫిర్మిన్ ప్రతి నాటకానికీ రిహార్సల్ నాడే వచ్చి, తల ఎత్తకుండా మాటలు వింటూ కాగితాల పక్కన ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటాడు. ఇక్కడ నిట్టూర్పు, ఇక్కడ చిన్న చప్పట్లు, ఇక్కడ పైకప్పు ఎగిరిపోవాలి. ఇక ఆట మొదలైందంటే ఆయన చూపు వేదిక మీద ఉండదు, జనం మీద ఉంటుంది. పొయ్యి మీద పాలు పెట్టినవాడు పాలనే చూడాలి గాని కిటికీలోంచి బయటికి చూడకూడదు కదా. ఆ విధంగా ఇరవై ఆరేళ్ళలో ఆయన ఒక్క నాటకమూ చూడలేదు, ఒక్కసారీ తన సొంతానికి చప్పట్లు కొట్టుకోలేదు. ప్రేక్షక మహాశయులకు మాత్రం ఈ ముఠా అంటే పరమ అసహ్యం. కూలి చప్పట్లేమిటి, కళకు ఎంత అవమానం, అని వాళ్ళు ముక్కు చిట్లిస్తారు. చిట్లించిన అర నిమిషానికి తామూ కొడతారు.

ఈ థియేటరులోనే సిదొనీ లావెర్ల్ అనే నటి పదకొండేళ్ళుగా పళ్ళెం మోస్తున్నది. తెర లేవగానే పళ్ళెంలో కాఫీ తెస్తుంది, మూడో అంకంలో పళ్ళెంలో ఉత్తరం తెస్తుంది, "బండి సిద్ధంగా ఉందమ్మా" అని వెళ్ళిపోతుంది. అటువంటి మనిషికి ఆ ఏడు అదృష్టం పట్టింది. పండిత పరిషత్తు సభ్యుడొకాయన రాసిన అయిదంకాల పద్య విషాదాంతం 'వితంతు సింహాసనం'లో రాణి పాత్రను ఆమెకు ఇస్తానని డైరెక్టరు పంతలెయోన్ గారు మాట ఇచ్చారు. ఈ నాటకంలో రాణి నాలుగు అంకాలు సింహాసనం మీద కూర్చుని, అయిదో అంకంలో కూర్చునే చచ్చిపోతుంది. ఒక్కటే షరతు. వసంతకాలంలో జరిగే వార్షిక చిత్ర ప్రదర్శనలో ఆమె బొమ్మ వేలాడాలి. గోడకెక్కని నటిని ఈ నగరంలో ఎవరూ పెద్ద నటిగా లెక్క చెయ్యరు.

బొమ్మ వేసినవాడు ఎవారిస్త్ మొరే. థియేటరు తెరల మీద ఆకాశాలు, మబ్బులు వేసే కుర్రవాడు. నది ఒడ్డున గొడుగు పాతుకుని, చెట్టును చూసి చెట్టు వెయ్యకుండా చెట్టు మీద పడిన వెలుతురును వేసే కొత్త ముఠాలో వీడొకడు. నిదానస్తులైన పౌరులు వీళ్ళకి కంటి జబ్బు అని నిర్ధారించారు. ఎవారిస్త్ సిదొనీని తెర పక్క సందులో నిలబెట్టాడు. తెల్లగౌను కుచ్చెళ్ళు చేత్తో కాస్త ఎత్తిపట్టుకుని, వేదిక మీదికి అడుగు వెయ్యబోతున్న క్షణం. కింది నుంచి గ్యాసు దీపాల వెలుగు. తెల్లగౌనులో వాడికి లేత ఊదా, పచ్చ కనబడ్డాయి. కుచ్చెళ్ళు పట్టుకున్న చెయ్యి అయితే మూడే మూడు నీలం గీతలు.

సిదొనీ వచ్చి ఆ బొమ్మను చూసింది. "ఇది నేనేరా ఎవారిస్తూ" అంది. "లోపలికి వెళ్ళే ముందు ఊపిరి బిగబడతాను చూడు, ఆ ఊపిరి కూడా వేసేశావు. ఎలా కనబడిందిరా నీకు?"

"కనబడింది వేశానక్కా. నాకింకేం రాదు" అన్నాడు వాడు.

ఇటువంటి బొమ్మను ప్రదర్శనకు బొమ్మలు ఎంచే న్యాయనిర్ణేతలు ఎలా ఒప్పుకున్నారని పాఠకులకు అనుమానం రావచ్చు. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది. వేల కొద్దీ బొమ్మలు వాళ్ళ ముందు నుంచి మోసుకుపోతూ ఉంటారు, నచ్చిన బొమ్మకు న్యాయనిర్ణేత గొడుగు పైకెత్తుతాడు. సిదొనీ బొమ్మ ఏడో రోజు, భోజనానంతరం వచ్చింది. ఆ సమయానికి మెడ మీద చలిగాలి కొడుతున్న ఒక వృద్ధ న్యాయనిర్ణేత, కిటికీ మూయమని చెప్పడానికి గొడుగు ఎత్తాడు. పక్కాయన అది చూసి, అభిరుచిలో తాను వెనకబడినట్టు కనబడకూడదని తనూ ఎత్తాడు. ఆ వెంటనే మిగిలిన గొడుగులన్నీ లేచాయి. బొమ్మ ఏకగ్రీవంగా నెగ్గింది. కిటికీ మాత్రం సాయంత్రం దాకా తెరిచే ఉంది.

పద్నాలుగో గదిలో, పాలరాతి వనదేవత విగ్రహానికి ఎదురుగా బొమ్మను తగిలించారు. ప్రదర్శన తెరిచిన రోజు మధ్యాహ్నానికే జనం ఆ గదిలోకి తోసుకుంటూ వచ్చి కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. ఒక వైద్యుడు మూడు నీలం గీతలను పరీక్షించి, చెయ్యి కుళ్ళిపోయిందనీ మోచేతి పైదాకా తీసెయ్యాలనీ గంభీరంగా చెప్పాడు. ఒకాయన బొమ్మను తలకిందులుగా తగిలించారేమోనని తాను వంగి కాళ్ళ సందులోంచి చూశాడు. కళావిమర్శకుడు బిజుయెల్ గారు తన పత్రికలో గర్భిణీ స్త్రీలు పద్నాలుగో గదికి దూరంగా ఉండవలసిందిగా హెచ్చరిక ప్రచురించారు. దాంతో గర్భిణీ స్త్రీలందరూ వచ్చారు.

నాలుగో రోజు పొద్దున్నే పంతలెయోన్ గారు ఫిర్మిన్ కు కబురు పెట్టారు. గదిలో సిదొనీ కూడా ఉంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చూడవయ్యా మేస్త్రీ" అన్నారు డైరెక్టరు గారు. "పొద్దున అక్కడ ఈ పిల్లని చూసి నవ్విన జనం, సాయంత్రం ఇక్కడికొచ్చి ఏడుస్తారా? అయిదో అంకంలో రాణి చస్తుంటే ఒక్కడు కిసుక్కుమన్నాడనుకో, పన్నెండొందల మందీ ఎత్తుకుంటారు. ఆదివారం దాకా చూస్తాను. నవ్వు ఆగకపోతే పాత్ర ఇంకొకరికి ఇస్తాను. ఇంకో నటి ఉంది, అదే ప్రదర్శనలో ఉన్న ఆవిడ బొమ్మలో గౌను లేసుకి ఎన్ని చిల్లులున్నాయో కూడా చూసి చెప్పొచ్చు. బొమ్మంటే అలా ఉండాలి."

"నన్నేం చెయ్యమంటారు బాబూ?"

"చచ్చిన నాటకాల్ని లేపి కూర్చోబెట్టినవాడివి. గుడ్డముక్కని లేపలేవూ?"

ఫిర్మిన్ తల గోక్కున్నాడు. "నాటకానికంటే అంకం అయిపోవడం ఉంటుంది. బొమ్మ అయిపోదు కదండీ. చప్పట్లు ఎక్కడ కొట్టాలి?"

"అది నీ విద్య" అని డైరెక్టరు గారు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

సిదొనీ ఫిర్మిన్ చొక్కా చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, పదకొండేళ్ళు పళ్ళెం మోశాను. ఆ పళ్ళెం పట్టుకుని తెర పక్కన నిలబడి ప్రతి హీరోయిన్ మాటలూ కంఠతా పట్టాను. ఒక్కసారి, ఒక్కసారి నా నోటితో నన్ను చెప్పనివ్వు. ఈ పాత్ర పోతే ఇంక నాకు ఇంకోటి రాదు. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి నాకు."

ఫిర్మిన్ కు పిల్లలు లేరు. ఈ పిల్ల పదకొండేళ్ళుగా బాబాయ్ అని పిలుస్తున్నది. "ఊరుకోవే, ముక్కు తుడుచుకో" అన్నాడాయన. "గొబెల్ ని చూసి నేర్చుకో. ఏడిస్తే ముక్కు ఎర్రబడకూడదు."

అదే రోజు ఫిర్మిన్ ఎర్ర పెన్సిలు జేబులో వేసుకుని పద్నాలుగో గదికి వెళ్ళాడు. బొమ్మ వైపు వీపు పెట్టి, జనం వైపు మొహం పెట్టి, సాయంత్రం దాకా నిలబడ్డాడు. ఆయన కనిపెట్టిన విషయం ఇది. బొమ్మకు మూడు నాలుగు అడుగుల్లో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. తోపులాటలో వెనక్కి తొమ్మిదడుగుల దూరానికి జరిగిపోయినవాళ్ళకు మాత్రం నవ్వు కాస్త తడబడుతున్నది. ఎందుకని ఆయన అడగలేదు. నాటకంలో కూడా ఎందుకని అడిగిన పాపాన ఎన్నడూ పోలేదు. "తొమ్మిదడుగులు, కళ్ళు సగం మూత, నిట్టూర్పు" అని రాసుకున్నాడు.

శనివారం ముఠా యావత్తూ చర్చికి వెళ్ళే ఆదివారపు బట్టలు వేసుకుని పద్నాలుగో గదిలో దిగింది. నవ్వే శాఖకు సెలవు ఇచ్చారు. మదాం గొబెల్ తొమ్మిదడుగుల దూరంలో నిలబడి, కళ్ళు చికిలించి, "ఆహ్" అని నిట్టూర్చి కుడి కంటితో మొదలుపెట్టింది. ఆమె పక్క నలుగురూ నిట్టూర్చారు. బొమ్మకు దగ్గరగా నిలబడి నవ్వుతున్న ఒక లావుపాటి పెద్దమనిషిని పోస్టుమాన్ మోచేత్తో పొడిచి, "తమరిది పల్లెటూరా అండీ? దగ్గర్నుంచి చూస్తున్నారు" అన్నాడు.

అంతే. ఆ గదిలో ఉన్న రెండు వందల మందీ ఒక్కసారిగా తొమ్మిదడుగులు వెనక్కి నడిచారు. అందరి కంటె ముందు వెనక్కి నడిచినవాడు చెయ్యి తీసెయ్యమన్న వైద్యుడు. వనదేవత విగ్రహానికి చిటికెన వేలు విరిగింది.

సోమవారానికి ప్రదర్శన అధికారులు నేల మీద సుద్దగీత గీసి, "ఈ గీతకు లోపల నిలబడి అభిప్రాయము ఏర్పరచుకొనుట నిషేధము" అని బోర్డు పెట్టారు. బుధవారానికి కళ్ళు చికిలించడం నేర్పే బడి ఒకటి వెలిసింది. బిజుయెల్ గారు తన పాత హెచ్చరికను దగ్గర నుంచి చదివినవారు పొరపాటు పడ్డారనీ, పత్రికను తొమ్మిదడుగుల దూరంలో పెట్టి చదివితే అది ప్రశంస అనీ వివరించారు. వైద్యుడు ఆరోగ్యవంతమైన చెయ్యి నీలంగా ఉంటుందని వైద్యసభలో వ్యాసం చదివాడు. గొప్పింటి ఆడవాళ్ళు విందులకు చేతులకు నీలం పొడి రాసుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. రాసుకోనివాళ్ళని చూసి పాపం, రక్తహీనత అని జాలిపడ్డారు. లేసు చిల్లుల బొమ్మ ముందు ఈగలు కూడా లేవు.

చివరికి లలితకళల మంత్రిగారే వేంచేసి, గీత మీద నిలబడి ఉపన్యసించారు. "పౌరులారా! కళ ముందు మనం ఎక్కడ నిలబడాలో ఇన్నాళ్ళూ మనకు తెలియదు. నేడు మన జాతి యావత్తూ ఒక్కటై తొమ్మిదడుగులు వెనక్కి వేసింది. ఇంత గొప్ప ముందడుగు మన చరిత్రలో ఎన్నడూ పడలేదు!" మదాం గొబెల్ రెండు కళ్ళతో ఏడ్చింది.

సిదొనీకి రాణి పాత్ర ఖాయమైంది. ఆమె ఫిర్మిన్ రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "ఇంతకీ నువ్వు చూశావా బాబాయ్, నా బొమ్మ?" అని అడిగింది. ఫిర్మిన్ కు అబద్ధం ఆడటం చేతకాదు, ఆయన అబద్ధాలన్నీ చేతులతోనే ఆడతాడు. "జనాన్ని చూశానే. చాలా బాగున్నారు" అన్నాడు.

అక్టోబరులో 'వితంతు సింహాసనం' మొదలైంది. హాలు కిటకిటలాడింది. వచ్చిన ప్రతివాడూ కుర్చీలో వీలైనంత వెనక్కి వాలి, కళ్ళు సగం మూసి కూర్చున్నాడు. రాణి సింహాసనం మీద కనబడగానే హాలంతా నిట్టూర్పు కోసం ఊపిరి పీల్చుకుంది. కాని ఆ నిట్టూర్పు బయటికి రాలేదు. ఫిర్మిన్ ముఠా ఎంత కొట్టినా జనం చేతులు కదలలేదు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఇటువంటిది చూడలేదు.

విరామంలో గుసగుసలు విన్నాడు. "పోలిక ఉందంటావా?" అన్నాడొకడు. "అబ్బే, ఈవిడకి అంచులు ఎక్కువ" అన్నాడు ఇంకొకడు. "ఆ నీలం ఏది? ఎంత చికిలించినా చెయ్యి చెయ్యిలాగే ఉంది!" అని ఒకావిడ వాపోయింది. మర్నాడు సిదొనీ చేతికి నీలం రాసుకుని ఆడింది. అసలును అనుకరించడం చవకబారుతనమని బిజుయెల్ గారు రాశారు. మూడో రోజు ఆమె ఎవారిస్త్ దగ్గరికి పరుగెత్తింది. వాడిప్పుడు బ్యాంకరు గారి భార్యను నీలంగా వేసే పనిలో ఉన్నాడు. ఆమెను చూడగానే అలవాటుగా తొమ్మిదడుగులు వెనక్కి వెళ్ళి, కళ్ళు చికిలించి, "అక్కా, నువ్వు కొంచెం మారిపోయినట్టున్నావు" అన్నాడు. అన్న తరువాత సిగ్గుపడి కుంచె కింద పెట్టాడు గాని, బ్యాంకరు గారి భార్య దగ్గింది. మళ్ళీ తీసుకున్నాడు.

నాలుగో రోజు సిదొనీకి థియేటరు ముద్రతో ఉత్తరం వచ్చింది. "మీ నటన పట్ల యాజమాన్యానికి ఎట్టి ఫిర్యాదూ లేదు. అయితే మీకును మీకును పోలిక చాలనందున, ప్రజాభిప్రాయాన్ని గౌరవించి, రాణి పాత్ర నుంచి మిమ్మల్ని తప్పించడమైనది. సదరు పాత్రను ఇకపై మీ చిత్తరువు ధరించును. ఇందుకు మీరు గర్వపడెదరని నమ్ముతున్నాము." నాలుగంకాలు కూర్చుని అయిదో అంకంలో కూర్చునే చచ్చిపోయే పాత్రకు ప్రాణం ఉన్న మనిషి దండగని పంతలెయోన్ గారికి ఆలస్యంగానైనా తట్టింది. రాణి మాటలు, వేదిక అడుగున గూట్లో కూర్చుని నటులకు మాటలు అందించే ముసలి ప్రాంప్టరు చదువుతాడు. ఆయనకు దగ్గు ఉంది, కాని రాణి క్షయతో చచ్చిపోయినట్టు గ్రంథకర్త సంతోషంగా ఒక పంక్తి మార్చారు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. వీధి చివరి దాకా బండ్లు నిలిచాయి. పోస్టుమాన్ కు జలుబు చేసి రాలేదు. అతని కుర్చీలో, ఫిర్మిన్ పక్కన, గోధుమరంగు పాత కోటు వేసుకుని సిదొనీ వచ్చి కూర్చుంది. ఎవరూ గుర్తుపట్టలేదు.

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?" అన్నాడు ఫిర్మిన్. 

"ఎలా చస్తుందో చూద్దామని బాబాయ్. నేను మూడుసార్లే చచ్చాను. ఇది ఈ సీజన్లో నూరుసార్లు చస్తుందట."

తెర లేచింది. సింహాసనం మీద బంగారు చట్రంలో బొమ్మ. హాలంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. ఫిర్మిన్ వేలు కూడా ఎత్తనక్కరలేకపోయింది. సామంతులు వచ్చి చట్రానికి దండాలు పెట్టారు. శత్రురాజు చట్రాన్ని ప్రేమించాడు. ప్రాంప్టరు దగ్గిన ప్రతిసారీ జేబురుమాళ్ళు తళుక్కుమన్నాయి. సిదొనీ వెనక కూర్చున్న ఒకావిడ ముందుకు వంగి, "అలా కళ్ళు విప్పి చూస్తే ఏం అర్థమవుతుందమ్మా? కాస్త చికిలించండి" అని దయతో సలహా ఇచ్చింది.

అయిదో అంకం. ఫిర్మిన్ అలవాటు ప్రకారం జనాన్ని చూస్తున్నాడు. అప్పుడు ఆయన చెవి పక్కన ఒక గొంతు వినబడింది. సిదొనీ పెదవులు కదుపుతున్నది. గూట్లోంచి ప్రాంప్టరు రాణి చివరి మాటలు దగ్గుతూ చదువుతుంటే, ఆమె ఒడిలో చేతులు పెట్టుకుని, అవే మాటలు తనలో తాను, ఊపిరితో చెప్పుకుంటున్నది. ఫిర్మిన్ జనం మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక నటిని నటిస్తుండగా చూడటం ఆయనకు అదే మొదలు. కిరీటం లేదు, దీపాలు లేవు, పాత కోటు. మూరెడు దూరంలో ఒక రాణి తన రాజ్యాన్ని, తన వాళ్ళని, వెలుతురును ఒక్కొక్కటిగా వదిలేస్తున్నది. చివరి మాట దగ్గర ఆమె ఒడిలోని చెయ్యి మెల్లగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పండిత పరిషత్తు వారి చచ్చు పద్యంలో ఇంత దుఃఖం ఉందని ఫిర్మిన్ కు తెలియదు. ఆయనకు ఏడుపు వచ్చింది. రెండు కళ్ళూ ఒకేసారి కారాయి. ముక్కు ఎర్రబడింది.

ఆయన లేచి నిలబడ్డాడు. వేదికకు వీపు పెట్టి, గోధుమరంగు కోటు మనిషి వైపు తిరిగి, చప్పట్లు కొట్టాడు. ఎర్ర పెన్సిలు గుర్తు లేని చోట, ఎవరూ చెప్పకుండా, చేతులు మండేదాకా కొట్టాడు. "సిదొనీ! భేష్! నా తల్లీ, భేష్!" అని అరిచాడు.

హాలు నివ్వెరపోయింది. తరువాత కోపం వచ్చింది.

"కూర్చోవోయ్! కూలివాడా!"

"సిగ్గులేదూ? రాణి చచ్చిపోతుంటే చప్పట్లా?"

"ఇవి డబ్బు చప్పట్లని గుడ్డివాడైనా చెబుతాడు. ఆ వణుకు చూడండి, ఎంత కృత్రిమంగా ఉందో!"

"కాదు బాబూ, ఇది నా సొంతం" అన్నాడు ఫిర్మిన్. "నిజంగా నా సొంతం. ఈ పిల్లని ఒక్కసారి చూడండి. ఇటు, ఇటు చూడండయ్యా!"

ఎవరూ అటు చూడలేదు. అంచులున్న మనుషులను చూసే అలవాటు వాళ్ళకు తప్పిపోయింది. ఆరుగురు పెద్దమనుషులు లేచి, చేతి తొడుగులు విప్పకుండానే మేస్త్రీని కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకుపోయి, ద్వారం బయట మెట్ల మీద దింపారు. సిదొనీ ఆయన టోపీ తీసుకుని వెనకాలే పరుగెత్తింది. ముఠాలోని మిగిలిన వాళ్ళను కూడా వెతికి వెతికి గెంటారు. మదాం గొబెల్ నిజంగా ఏడుస్తూ వెళ్ళింది గాని ఆ ఏడుపును ఎవరూ గమనించలేదు.

మెట్ల మీద కూర్చుని ఫిర్మిన్ ఎర్రబడ్డ అరచేతులు చూసుకున్నాడు. "నమ్మలేదే వాళ్ళు" అన్నాడు.

సిదొనీ ఆయన తల మీద టోపీ పెట్టింది. "నేను నమ్మాను బాబాయ్" అంది. "నువ్వు ఎక్కడ కొట్టాలో తెలియక తప్పుచోట కొట్టావు చూడు, అప్పుడే నమ్మాను."

ఈ ఘనవిజయాన్ని మర్నాడు పత్రికలన్నీ శ్లాఘించాయి. పారిస్ ప్రేక్షకులు అద్దె చప్పట్ల పీడను వదిలించుకుని, తమ అభిరుచికి తామే యజమానులమని చాటుకున్న చరిత్రాత్మక దినమని బిజుయెల్ గారు రాశారు. ఆ దినం హాలులో తరువాత ఏం జరిగిందో మాత్రం ఎవరూ రాయలేదు. మేస్త్రీని గెంటేసి పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. రాణి చచ్చిపోయింది. తెర దిగింది. హాలంతా నిశ్శబ్దం. పన్నెండు వందల మంది స్వతంత్రులు చేతులు ఒళ్ళో పెట్టుకుని, అయిపోయిందో లేదో, బాగుందో లేదో తెలియక, ఎవరైనా ఒకరు మొదలుపెడతారేమోనని పక్కవారి మొహం చూస్తూ కూర్చున్నారు. దీపాలు ఆర్పే మనిషి వచ్చేదాకా అలాగే కూర్చున్నారట.

ఈ కథ బాగుందనాలో బాగాలేదనాలో తేల్చుకోలేక తలెత్తి అటూ ఇటూ చూస్తున్న పాఠక మహాశయులకు విన్నపం: మేస్త్రీ లేడు. మీరే గెంటేశారు.